ఎద్దు తొక్కినా చేనేతే!

చేనేత అంటే ఏమిటని చీరాల పక్కనున్న వేటపాలెంలో బడికెళ్లే పిల్లాడిని ఆపి అడగండి. గుంటలో కాళ్లు పెట్టుకుని, నాడె ఆడిస్తూ, పొద్దస్తమానం మా తాత చేసే పని అంటాడు. పిల్లలు చెప్పిన మాటలు గెజిట్‌లో వేయరు కదా. అందుకని 1985లో పార్లమెంటు చేనేత వస్తువుల రిజర్వేషన్ చట్టం చేసి ఆ లోటు పూడ్చింది. అందులో నిర్వచనం ప్రకారం, మరమగ్గం కాని మగ్గమేదైనా చేనేత మగ్గమే. మరి మరమగ్గం అంటే? శక్తితో నడిచే మగ్గం. శక్తి అంటే? అది ఈ చట్టంలో దొరకదు, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో వెతుక్కోమన్నారు. వెతికితే అక్కడుంది: కరెంటు కావచ్చు, యంత్రం మీదుగా అందే మరో శక్తి కావచ్చు, మనిషి వల్ల గానీ పశువు వల్ల గానీ పుట్టింది మాత్రం కాకూడదు.

పశువన్న మాట దగ్గర కాస్త ఆగుదాం. ఎద్దును కట్టి తిప్పితే ఆడే మగ్గం, చట్టం లెక్కలో శక్తితో నడిచినట్టు కాదు. శక్తితో నడవలేదు కనుక మరమగ్గం కాదు. మరమగ్గం కాదు కనుక చేనేత మగ్గం. ఈ లంకెలో ఎక్కడ తెగిందో న్యాయకోవిదులు చూపిస్తే సంతోషిస్తాను. మన అదృష్టం కొద్దీ ఒంగోలు ఎంతో దూరం లేదు. బ్రెజిల్ దాకా పేరు మోసిన గిత్తలను బండలాగుడు పందేలకు మేపే బదులు నాలుగు జతలు తోలుకొచ్చి వేటపాలెం మగ్గాలకు కట్టేస్తే చేనేత సంక్షోభం ఒక్క సంక్రాంతికి తీరిపోతుంది. ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం నాడు ఉత్తమ గిత్తకు శాలువా కప్పవచ్చు. శాలువా మరమగ్గానిదైనా గిత్త పట్టించుకోదు.

చట్టం చేసినవాళ్ల మనసు మంచిదే, అందులో సందేహం లేదు. పల్లెల్లో కుటీర పరిశ్రమలను పెంచాలని రాజ్యాంగం 43వ అధికరణంలో రాసి ఉంది. అమలు చేయమని ఏ కోర్టులోనూ అడగడానికి లేదని 37వ అధికరణంలో రాసి ఉంది. అది వేరే సంగతి. ఆ సదుద్దేశంతోనే 1986లో 22 రకాల వస్తువులు చేనేతకే సొంతమని ఉత్తర్వు వేశారు. మరమగ్గాల యజమానులు కోర్టులకెక్కారు. చట్టం చెల్లుతుందని సుప్రీంకోర్టు తేల్చేసరికి 1993 వచ్చింది. అన్నేళ్లూ చట్టం పుస్తకంలో, నేతగాడు గుంటలో. ఈ మధ్యలోనే, 1991లో, నూలు ధర మండిపోయి చీరాల చుట్టుపక్కల నేత పల్లెల్లో ఆకలి చావులు, ఆత్మహత్యలు జరిగాయి. ఆ చావుల మీద ఈ కాలమ్‌లో ఛలోక్తులు ఉండవు. అప్పటికి చట్టానికి ఆరేళ్లు నిండాయన్న ఒక్క ముక్క రాసి పక్కకు జరుగుతాను.

కోర్టులో గెలిచింది కదా, ఇక చట్టం లేచి నడుస్తుందనుకున్నారు. నడిచింది కూడా, వెనక్కి. 1996లో ఆ 22 రకాలను 11 చేశారు. ఆషాఢం సేల్‌లా సగానికి సగం. మిగిలిన పదకొండులో చీర, ధోవతి, తువ్వాలు, లుంగీ, దుప్పటి, జంపఖానా ఉన్నాయి. వాటితో పాటు బ్యారక్‌లలో కప్పుకునే కంబళ్లు, ఉన్ని ట్వీడ్, అస్సాం ఆడపడుచులు కట్టే మేఖలా చాదర్ కూడా ఉన్నాయి. అంటే మే నెల ఎండలో ముచ్చెమటలు పోస్తూ కూర్చున్న వేటపాలెం నేతగాడికి ఉన్ని ట్వీడ్ నేసుకునే హక్కు భద్రంగా ఉందన్నమాట. దాన్ని ఎవరూ లాక్కోలేరు.

మరి ఆ హక్కుకు అడ్డొస్తే శిక్ష ఏమిటంటారా? రిజర్వు చేసిన వస్తువును మరమగ్గం మీద నేస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా మగ్గానికి 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని 1985లో రాశారు. నేరం ఆపకుండా సాగిస్తే రోజుకు మగ్గానికి మరో 500 దాకా. ఆనాడు అయిదు వేలంటే గుండె గుభేలుమనే సొమ్మే. తర్వాత నూలు ధర పెరిగింది, రంగుల ధర పెరిగింది, ఎమ్మెల్యేల జీతభత్యాల బిల్లులూ పెరిగాయి. జరిమానా మాత్రం దశాబ్దాల పాటు అదే అంకె మీద నిష్ఠగా కూర్చుంది. ఇప్పుడు ఒక మోస్తరు పట్టుచీర బిల్లు అంతకంటే ఎక్కువ.

ఇంతకీ ఈ చట్టాల మీద పరిశోధన చేసే పెద్దలు ఏమంటున్నారు? వాళ్లకీ దిగుల్లేకపోలేదు. అమెరికాలో రాస్కో పౌండ్ అనే ఆయన పుస్తకంలో చట్టం వేరు, ఆచరణలో చట్టం వేరు అని 1910లోనే ఒక వ్యాసం రాసి, న్యాయశాస్త్రం చదివేవాళ్లందరికీ జీవనాధారం కల్పించాడు. 1974లో మార్క్ గలాంటర్ మరో అడుగు ముందుకేసి, ఉన్నవాడే కోర్టులో ఎందుకు నెగ్గుకొస్తాడో విడమరిచి చెప్పాడు. ఆయన లెక్కలో కోర్టుకొచ్చేవాళ్లు రెండు రకాలు. అదే పనిగా వచ్చిపోతూ ప్లీడరును, గుమాస్తాను, వాయిదాల మర్మాన్నీ ఎరిగినవాడు ఒకడు. జన్మకో శివరాత్రిగా మెట్లెక్కేవాడు ఇంకొకడు. మొదటివాడికి ఒక కేసు ఓడినా ఫరవాలేదు, రూలు తనవైపు తిరిగితే చాలు. రెండోవాడికి ఆ పూట కూలి పోయిందే పెద్ద నష్టం. గలాంటర్ భారతదేశపు చట్టాలను కూడా దగ్గరగా చదివిన మనిషి. వేటపాలెం వచ్చాడో లేదో గానీ, వచ్చినా ఆయనకు కొత్తగా తెలిసేదేమీ ఉండేది కాదు.

ఈ ఊరికి పరిశోధకులు రాకపోవడం అంటూ లేదు. 1918లో పుట్టిన సారస్వత నికేతనం ఇక్కడే ఉంది. 1929లో గాంధీ వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశాడు. ఆయన చేతికర్ర ఒకటి ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉంది. పాత పత్రికలు తిరగేయాలంటే ఎక్కడెక్కడి పండితులైనా ఈ లైబ్రరీ మెట్లెక్కాల్సిందే. చేనేత చరిత్ర అక్కడ బైండు చేసి ఉంటుంది. నేసేవాళ్లు నడిచి వెళ్లగలిగే దూరంలో ఉంటారు గానీ వాళ్లను బైండు చేయడం కుదరదు కాబట్టి పండితులు మధ్యాహ్నం రైలుకే తిరిగి వెళ్లిపోతారు.

వాళ్లలో ఒకాయన పొరపాటున రైలు తప్పి మగ్గాల వీధిలోకి వచ్చాడనుకుందాం. చేతిలో ప్రశ్నావళి, భుజానికి సంచి, సంచి మీద ఖాదీ అని ఇంగ్లిష్‌లో అచ్చు. వీధి అరుగు మీద కండెలు చుడుతున్న ఆడవాళ్లను దాటుకుని, తల వంచి షెడ్డులోకి దూరాడు.

"బాబాయ్, 1985 రిజర్వేషన్ చట్టం గురించి మీ అవగాహన ఏ మేరకు ఉంది? పూర్తిగా, పాక్షికంగా, అసలు లేదు, ఈ మూడింట్లో ఒకటి చెప్పండి."

"రిజర్వేషనా? మేం బీసీలమే గదయ్యా. సర్టిఫికెట్టు తీసుకున్నాం."

"అది కాదు బాబాయ్. మీరు నేసే చీరను మరమగ్గం మీద నేయకూడదన్న చట్టం."

నాడె ఆగింది. "అట్టాంటి చట్టం ఉందా అబ్బాయా? ఎప్పుడొచ్చింది?"

"నలభై ఏళ్లయింది."

"మరి ఇంతకాలం ఏడుంది?"

పరిశోధకుడు ఫారంలో 'అసలు లేదు' దగ్గర టిక్కు పెట్టుకున్నాడు. లబ్ధిదారుల్లో అవగాహన లోపమే చట్టం విఫలం కావడానికి ప్రధాన కారణమని రేపు ఆయన వ్యాసంలో వస్తుంది. సదస్సు పెట్టి అవగాహన కల్పించాలని సిఫారసు వస్తుంది. సదస్సు గుంటూరులోనో విజయవాడలోనో ఏసీ హోటల్లో జరుగుతుంది. వేదిక మీద బ్యానర్ ఫ్లెక్సీదే.

అదే ఫారంలో తర్వాతి గడి: మగ్గం సొంతమా, కాదా? ఇక్కడ మన బాబాయ్ చిక్కుల్లో పడ్డాడు. చీరాల, వేటపాలెం వైపు షెడ్డు మగ్గాలు ఎక్కువ. మగ్గం మాస్టర్ వీవర్ది, నూలు మాస్టర్ వీవర్ది, డిజైను ఆయనదే, చీర ఆయనదే. కాళ్లూ చేతులూ కళ్లూ మాత్రం నేతగాడివి. పడుగు అతుక్కుని, పేక ఆడించి, చీర దించితే మజూరీ వస్తుంది. అందులోంచి ఎప్పుడో ఇంట్లో పెళ్లికి తీసుకున్న బాకీ కొంత విరిగిపోతుంది. 2019 డిసెంబరులో నేతన్న నేస్తం అని ఒక పథకం వచ్చింది. చేనేత కుటుంబానికి ఏటా 24,000 రూపాయలు ఇచ్చేవారు. మంచి సొమ్మే, అందినవాళ్లకు ఆసరా అయింది కూడా. నిబంధన మాత్రం సొంత మగ్గం ఉండాలని. పుట్టినప్పటి నుంచీ నేతే చేస్తూ, మగ్గం కొనుక్కోలేనంత పేదవాడైనందుకు బాబాయ్ చేనేత కార్మికుడు కాకుండా పోయాడు. పేదరికాన్ని పోగొట్టే పథకానికి అనర్హత పేదరికమే! ఇలాంటిది రాయాలంటే ఏ వ్యంగ్య రచయితకైనా రెండు రోజులు పడుతుంది, మన సచివాలయంలో ఒక్క జీవోతో అయిపోతుంది.

చిలప నూలు కథ కూడా ఇలాంటిదే, త్వరగా చెప్పేస్తాను. చేనేతకు కావాల్సిన నూలు చిలపల్లో రావాలి, మరమగ్గానికి కోన్లలో. అందుకని మిల్లులు బజారుకు అమ్మే నూలులో సగం చిలపల్లో కట్టాలన్నారు. 2003లో సగం కాస్తా 40 శాతమైంది, 2019లో 30 శాతం. ఆ కట్టిన చిలపల్లోనూ కొన్ని దారి తప్పి కోన్లుగా మారి మరమగ్గాలకు చేరుతుంటాయని నేత సంఘాలు ఎప్పటి నుంచో మొత్తుకుంటున్నాయి.

వానాకాలం సంగతి వేరుగా చెప్పాలి. గుంట మగ్గం భూమిలోకి ఉంటుంది. తీరం పక్క ఊరు, ఇసుక నేల. గట్టి వాన పడితే పైనుంచి కంటే కింద నుంచి నీళ్లు ముందు ఊరతాయి. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటప్పుడు గుంటలో నీళ్లు చెంబుతో తోడితే ఆ పూటకే, తెల్లారేసరికి మళ్లీ ఊరి ఉంటాయి. నీళ్లు పోయినా చెమ్మ పోదు. చెమ్మకు పోగు పట్టు తప్పుతుంది, అచ్చు చెక్క ఉబ్బుతుంది. వీధి పొడవునా పడుగు సాగదీసి గంజి పెట్టడానికి ఎండ ఉండదు. తుపాను ఒక్క రోజుది, పని ఆగేది వారాల తరబడి. నష్టం రాసుకోవడానికి వచ్చిన ఉద్యోగి గోడ కూలిందా అని చూస్తాడు. గోడ నిలబడే ఉంటుంది. గుంటలోకి తొంగి చూసే గడి ఫారంలో ఉండదు. ఎవరో దయతలచి రాశారే అనుకుందాం, విపత్తు సహాయ నిబంధనల ప్రకారం పాడైన పరికరాలకు చేతివృత్తి మనిషికి 5,000 రూపాయలు. పైన జరిమానా అంకె గుర్తుందిగా? చేనేత మగ్గాన్ని సముద్రం ముంచినా అయిదు వేలే, మరమగ్గం ముంచినా గరిష్ఠంగా అయిదు వేలే. చట్టం ముందు అందరూ సమానమంటే ఇదే కాబోలు.

సరే, జరిమానాలూ జైళ్లూ ఉన్నప్పుడు ఎవరినైనా పట్టుకోవచ్చు కదా అని మీరడగవచ్చు. అక్కడే ఉంది కిటుకు. ఈ చట్టం మరమగ్గం మీద నేయడాన్ని నిషేధించింది. నేసినదాన్ని అమ్మడం జోలికి పోలేదు. వేటపాలెం నేతగాడు వారమంతా కూర్చుని నేసిన కుప్పడం అంచు చీర చీరాల బజారుకు చేరకముందే దాని ఫొటో వాట్సాప్‌లో వెళ్లిపోతుంది. ఎక్కడో వేరే రాష్ట్రంలో వందల మరమగ్గాల మీద దాని నకలు దిగుతుంది. ఆ నకలు లారీలో వచ్చి అదే బజారులో, అదే బీరువాలో, అసలు చీర పక్కనే కూర్చుంటుంది. మన అధికారికి మన జిల్లాలో మగ్గాలు చూసే అధికారం ఉంది. నేరం చేసిన మగ్గమేమో ఆయన జిల్లాలో లేదు. నేరం చేసిన చీర కళ్లెదుటే ఉన్నా దాని మీద కేసు లేదు. అధికారి ఆ దుకాణంలోనే ఇంట్లోవాళ్లకు ఒకటి కొనుక్కుని వెళ్లినా చట్టం మన్ననకు ఏ లోటూ రాదు.

తమ నేతగాళ్లను కాపాడుకునే చట్టం ఎలా చేయాలో తెలిసినవాళ్లు ప్రపంచంలో ఉన్నారు. వాళ్లు మనకు బాగా పరిచయస్తులే. మన మచిలీపట్నం లాంటి రేవుల నుంచి వెళ్లిన అద్దకం బట్టలు లండన్ ఆడవాళ్లకు తెగ నచ్చేశాయి. అక్కడి నేతగాళ్ల నోట్లో మట్టి పడింది. 1719లో వాళ్లు వీధుల్లోకి వచ్చి, కాలికో అనే ఆ అద్దకం బట్ట కట్టిన ఆడవాళ్ల ఒంటి మీది బట్టలు చించి అల్లరి చేశారు. 1721లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. అమ్మితే జరిమానా, కడితే అయిదు పౌండ్ల జరిమానా. కట్టినవాళ్లను పట్టిచ్చినవాడికి ఆ అయిదు పౌండ్లు. అంటే వీధికో తనిఖీ అధికారి, ప్రభుత్వానికి జీతం ఖర్చు లేకుండా! ఆ చట్టం యాభై ఏళ్లకు పైగా ఉండి, వాళ్ల నూలు యంత్రాలు కాళ్ల మీద నిలబడ్డాక 1774లో సెలవు తీసుకుంది. చీరలు చించమని ఎవరికీ సలహా ఇవ్వడం లేదు, ఆ అల్లరి అల్లరే. అయితే వాళ్లు దుకాణాన్నీ ముట్టుకున్నారు, మనం ముట్టుకోలేదు.

మనవాళ్లకు చట్టం మీద చేయి వేయడం రాదనుకోకండి. 2012-13 ప్రాంతంలో నిర్వచనాన్నే మార్చే ఆలోచన ఒకటి లేచింది. నేతలో కనీసం ఒక్క పని మనిషి చేత్తో చేస్తే చాలు, అది చేనేత అనవచ్చని. స్విచ్చు నొక్కడానికి కూడా వేలు కావాలి కదా! నేత సంఘాలు గోల చేస్తే ఆ ఆలోచన మడతపెట్టేశారు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చి నూలుకీ 5 శాతం, బట్టకీ 5 శాతం వడ్డించింది. 2020 జూలై 27న అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేశారు. పదకొండు రోజులకే చేనేత దినోత్సవం వచ్చింది, సందేశాలూ శుభాకాంక్షలూ యథాప్రకారం వెలువడ్డాయి. 2025లో మన రాష్ట్రం చేనేత ఇంటికి నెలకు 200 యూనిట్లు, మరమగ్గానికి 500 యూనిట్లు ఉచిత కరెంటు ప్రకటించింది. మగ్గం మీద బల్బు వెలగాలి, ఫ్యాను తిరగాలి, ఆ 200 యూనిట్లు నేతగాడికి మేలే. కాకపోతే పోటీదారుకు రెండున్నర రెట్లు ఇచ్చి, మా దగ్గర పక్షపాతం లేదని చెప్పుకునే ధైర్యం అందరికీ ఉండదు.

ఇన్ని చట్టాలూ పథకాలూ వచ్చాక సమస్య తగ్గిందా? తగ్గింది, లెక్కలున్నాయి. 2009-10 గణనలో దేశంలో చేనేత మీద బతికేవాళ్లు 43.31 లక్షల మంది. 2019-20 గణనకు 35.22 లక్షలు. పదేళ్లలో ఎనిమిది లక్షల మంది సమస్యలు లేకుండా పోయారు. వాళ్లు ఎక్కడికి పోయారో చూడాలంటే హైదరాబాద్ అపార్టుమెంట్ల గేట్ల దగ్గరా, హోటళ్ల వెనక గిన్నెల దగ్గరా వెతకాలి. అది మరో శాఖ పరిధి.

ఈ ప్రాంతానికి ఊరు వదిలిపోవడం కొత్తేమీ కాదు. చీరాల, పేరాలలను కలిపి మునిసిపాలిటీ చేసి పన్ను ఎన్నో రెట్లు పెంచితే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద జనం ఇళ్లకు తాళాలు వేసి పొలిమేర దాటి రామనగరం కట్టుకున్నారు. అక్కడ నెలల తరబడి గుడిసెల్లో ఉన్నారు. ఊరి పారిశుధ్యం అనే సమస్యకు సర్కారు పన్ను అనే మందు వేస్తే, ఊరే లేకుండా చేసి చూపించారు. అప్పుడు అందరూ కలిసికట్టుగా పోయారు కాబట్టి చరిత్రకెక్కింది. ఇప్పుడు ఒక్కో ఇల్లూ ఒక్కో రాత్రి రైలెక్కుతోంది కాబట్టి వలస గణాంకాల్లోకి ఎక్కుతోంది. చీరాల ఎమ్మెల్యేగా, తర్వాత రాజ్యసభలో చేనేత గొంతుగా నిలిచిన ప్రగడ కోటయ్య లాంటివారు ఉంటే కొంత నిలదీసేవారు. ఆయన పేరు వెంకటగిరిలో చేనేత సాంకేతిక సంస్థకు పెట్టాం. మన వంతు మనం చేశాం.

ఎద్దుల పథకం ఎవరైనా చేపట్టే లోపు మూడు పనులు చేయవచ్చు. ఒకటి, చేనేత అని చెప్పి మరమగ్గం బట్ట అమ్మడాన్ని ఆ చట్టంలోనే నేరంగా రాయాలి. రెండు, జరిమానాను బట్ట విలువకు ముడిపెట్టాలి, 1985 అంకెకు కాదు. మూడు, మగ్గం ఎవరిదైనా సరే, దాని మీద కూర్చుని నేసేవాడే చేనేత కార్మికుడని జీవోలో ఒక్క వాక్యం చేర్చాలి. దీనికి పరిశోధన అక్కర్లేదు, సదస్సు అసలే అక్కర్లేదు.

నాలుగో పని మీది. ఈసారి దుకాణంలో చేనేత చీర అని చెప్పి చూపిస్తే, 2006 నుంచి ఉన్న హ్యాండ్‌లూమ్ మార్క్ ముద్ర ఉందేమో అడగండి. బిల్లు మీద 'చేనేత' అని రాయించుకోండి. ఆ మాట కాగితం మీద పడితే, అబద్ధమని తేలిన రోజున 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లడానికి మీ చేతిలో ఆధారం ఉంటుంది. రాయడానికి ఆయన నసిగితే, ఆ చీర అక్కడే వదిలేసి రండి.